ఊదితే అవతలికి పోని బట్ట

మా బడిలో సంగీతం ల్యాబు కట్టాలని అనుకోగానే పెద్దవాళ్ళు మొదట చేసిన పని, నా కుట్టుమిషన్ని మెట్ల కిందికి తోయించడం. పాటలూ నాట్యాలూ బొమ్మలూ నేర్పే సర్కారు హైస్కూలు మాది. నాటకాల బట్టలు దాచే గది ఒకటి మూలన ఉండేది, రెండు కిటికీలతో, గాలీ వెలుతురూ బాగా వస్తూ. చిరిగినవి అతకడం, కొత్తవి కుట్టడం నా పని. తలుపు ఊడిపోయిన బీరువా కింది అరలో మా బుజ్జిది పడుకునేది. రాజుల అంగీలు, రాక్షసుల తోకలు, వాటి కింద ఎనిమిది నెలల పిల్ల. ఆ గదే ల్యాబుకి కావాలన్నారు. బడిలో వాడని గదులు ఇంకో మూడున్నాయి గానీ వాటికి కిటికీల్లోంచి రోడ్డు కనబడదు. రోడ్డు కనబడకపోతే రోడ్డుకి ల్యాబు కనబడదు కదా. వాటిలో ఒకటి నాకివ్వమంటే, కుట్టుపనికి గదెందుకన్నారు.

బుజ్జిది పుట్టినప్పుడు రెండుసార్లు ఊపిరి ఆగింది. ఇక భయం లేదంది డాక్టరమ్మ. ఆవిడకి లేదు, నాకుంది. గంటకి పదిసార్లు దాని ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. దానికి కప్పే ప్రతి గుడ్డనీ ముందు నా మూతికి అడ్డం పెట్టుకుని ఊదుతాను. అవతల అరచేతికి గాలి తగిలితేనే కప్పుతాను, లేకపోతే మడిచి పక్కన పడేస్తాను.

"వదినా, దుప్పటి కప్పుతున్నావా, బూర ఊదుతున్నావా?" అంటుంది మా ఆడపడుచు. నవ్వుకోనీ. పిల్ల నాది.

ఆ బడి తప్ప పిల్లతో కూర్చోడానికి నాకు ఇంకో చోటు లేదు. రెండు వీధుల అవతల బట్టల ఫ్యాక్టరీలో పనుంది, పిల్లల్ని గేటు దాటనివ్వరు. ఇంట్లో అత్తయ్య ఉంది గానీ సీరియల్ ముందు కూర్చుంటే పైకప్పు ఊడి ఒళ్ళో పడ్డా ప్రకటనలు వచ్చేదాకా లేవదు. అందుకని మెట్ల కిందే సర్దుకున్నాం, నేనూ, మిషనూ, బుట్టలో బుజ్జిదీ. పైన పిల్లలు పరిగెత్తినప్పుడల్లా దుమ్ము రాలేది. దాని బుట్ట మీద పల్చటి గుడ్డ కట్టాను, ఊది చూశాకే.

ల్యాబు కట్టించడానికి ఒక సలహాదారు వచ్చాడు. మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతుండేవి. ఒక్కరోజు కూడా అవి చెవులకెక్కగా నేను చూడలేదు. నోరు తెరిస్తే ప్రపంచస్థాయి. ప్రపంచస్థాయి కేబుళ్ళు, ప్రపంచస్థాయి స్విచ్చిబోర్డు, ఒకరోజు టీ తాగి అది కూడా ప్రపంచస్థాయే అన్నాడు. పిల్లలు ఆయనకి ఆ పేరే పెట్టేశారు. మనిషి అటు తిరగ్గానే "ప్రపంచస్థాయి పోతున్నాడ్రా" అనుకునేవాళ్ళు.

ఇక మా ప్రిన్సిపాల్ గారు. బడిగంట మోగితేనే మొహం చిట్లించుకునే మనిషి, పిల్లలు పాడితే తలుపు వేసుకునే మనిషి. ఊళ్ళో ఇంకో బడికి ల్యాబు వచ్చిందని, దాని ఫొటో పేపర్లో పడిందని విన్న రోజు నుంచి సంగీతమంటే ప్రాణం పెట్టడం మొదలుపెట్టారు.

పది కంప్యూటర్లు వచ్చాయి, పది చిన్న కీబోర్డులు, శబ్దాలు కలపడానికి లెక్కలేనన్ని గుండీలున్న పెద్ద బల్లలాంటి మిక్సరు. ఏ గుండీ తిప్పితే ఏమవుతుందని పిల్లలడిగితే ప్రపంచస్థాయి జేబురుమాలుతో దాన్ని తుడిచి, "తొందరపడకూడదు" అనేవాడు.

తరవాత పలకలొచ్చాయి, నలభై. చెక్క చట్రం, లోపల దూదిలాంటి దళసరి పీచు. "గోడలకి ఇవి తగిలిస్తే శబ్దం లోపలికి పోయి ఇంకిపోతుంది సార్. లేకపోతే గోడకి తగిలి వెనక్కొస్తుంది" అని ప్రిన్సిపాల్ గారికి చెబుతుంటే నేను పక్కనే కొలతలు తీసుకుంటున్నాను. ఆ మనిషి నోట నేను విన్న పనికొచ్చే మాట అదొక్కటే. రెండు రోజులకి ఆయనే దాన్ని మింగేశాడు.

పలకలకి గుడ్డ తొడగడం నా పని. ల్యాబు ప్లాను కాగితంలో రాసింది వదులు నేత బూడిదరంగు గుడ్డ. ప్రిన్సిపాల్ గారు ఆ ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని పెదవి విరిచారు.

"గోనెసంచిలా ఉంది. ఫొటోలో ఏం కనబడుతుంది? రెక్సిన్ వేయించండి, మెరూన్. తడిగుడ్డ పెట్టి తుడిస్తే మెరుస్తుంది. నా కుర్చీ చూడండి, పన్నెండేళ్ళయింది, నిన్న కొన్నట్టుంది."

"సార్ అభిరుచి ప్రపంచస్థాయి" అన్నాడు ప్రపంచస్థాయి.

నేను రెక్సిన్ ముక్క తీసుకుని అలవాటుగా ఊదాను. నా ఊపిరి నా మొహానికే కొట్టింది.

"సార్, ఇందులోంచి గాలి పోవడంలేదు."

"పోకపోతే ఏమిటమ్మా? పలకలేమైనా ఊపిరాడక చచ్చిపోతాయా?"

"గాలే పోకపోతే శబ్దం మాత్రం లోపలి పీచు దాకా ఎలా పోతుంది సార్? పైనే తగిలి తిరిగొస్తుంది కదా. ఈ సలహాదారు సారే చెప్పారు మొన్న."

ఇద్దరూ నన్ను ఎగాదిగా చూశారు.

"ఎంతవరకు చదివావు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"తొమ్మిది అయ్యాక మానేశాను సార్."

"ఈయన ఏడు దేశాలు తిరిగి చదువుకొచ్చారు. ఏమంటారండీ, రెక్సిన్ పనికిరాదా?"

ప్రపంచస్థాయి ఒకసారి రెక్సిన్ వైపు, ఒకసారి ప్రిన్సిపాల్ గారి వైపు చూశాడు. ఆయనకి తెలుసు. కళ్ళలో కనబడింది నాకు, తెలుసని. "అద్భుతంగా ఉంటుంది సార్" అన్నాడు. తెలియనివాళ్ళ మీద నాకు కోపం రాదు, నాకూ తెలియనివి బోలెడు. తెలిసీ తల ఊపేవాణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది. ఏడు దేశాలు తిరిగి నేర్చుకున్నది మెడ పైకీ కిందికీ ఆడించడం.

"చక్కగా బిగించి కుట్టు" అన్నారు ప్రిన్సిపాల్ గారు నాతో. "ప్రారంభోత్సవం బాగా జరిగితే ల్యాబు పక్కన చిన్న గది ఉంది చూడు, అందులో నీ మిషను పెట్టుకో. పిల్లనీ పెట్టుకో. తేడా వస్తే మాత్రం మెట్ల కింద కూడా చోటుండదు. ఆ మెట్ల కింద గుడ్డలేమిటని తనిఖీవాళ్ళు ఇప్పటికే గొణుగుతున్నారు."

తేడా వస్తుందని నాకు తెలుసు. వచ్చినప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో కూడా తెలుసు.

నాకు పని నేర్పిన టైలరక్కకి ఒక పద్ధతుండేది. కొత్త గిరాకీ రాగానే వాళ్ళ బట్టలోంచి ఒక మూల కత్తిరించి కొలతల పుస్తకంలో కుట్టేసేది. పక్కన ఏం కుట్టమన్నారో రాసి సంతకం పెట్టించుకునేది. తరవాత ఎవరూ నేనలా చెప్పలేదని అనేవాళ్ళు కాదు. నేనూ ఆ పద్ధతి వదల్లేదు. ఒక పేజీలో రెండు ముక్కలూ కుట్టాను, ఇటు బూడిదరంగు, అటు మెరూన్. కింద రాశాను: బూడిదరంగులోంచి ఊపిరి పోతుంది, మెరూన్‌లోంచి పోదు.

"సార్, మీరు ఏ ముక్క పక్కన సంతకం పెడితే అదే కుడతాను."

"కోర్టు గుమాస్తాలా తయారైందండీ" అని నవ్వి ప్రిన్సిపాల్ గారు రెక్సిన్ పక్కన ఈ మూల నుంచి ఆ మూలకి సంతకం లాగారు. కింద రాసింది చదవలేదు. నా రాత చదివే తీరిక ఆయనకెక్కడిది? ప్రపంచస్థాయి చదివాడు. చదివి, చీమంత సంతకం పెట్టాడు.

పదహారు రోజులు కుట్టాను. రెక్సిన్‌లో సూది దిగిన చోటల్లా చిల్లు నిలిచిపోతుంది, ఒక్క కుట్టు తప్పితే ముక్క మొత్తం పోతుంది. ఒక్కటీ పోనివ్వలేదు.

ప్రారంభోత్సవానికి పెద్దాఫీసరు గారొచ్చారు. రిబ్బను కత్తిరించారు. గది నిండా మెరూన్ మెరుపు, నలభై ప్రిన్సిపాల్ కుర్చీలు గోడలెక్కి కూర్చున్నట్టు. నేను బుజ్జిదాన్ని ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ప్రిన్సిపాల్ గారు నిశ్శబ్దం గొప్పతనం గురించి మైకులో చాలాసేపు మాట్లాడారు. ఆ మాటలు గోడ నుంచి గోడకి తిరుగుతుంటే తన గొంతు ఇంత గంభీరంగా ఉంటుందా అని మురిసిపోయారు కూడా.

తరవాత మా వయొలిన్ మేడం మైకు ముందు కూర్చున్నారు. పెద్దావిడ, మాట కత్తెరలా ఉంటుంది. తీగల మీద కమాను ఒక్కసారి లాగారు. ఆ స్వరం వెళ్ళి గోడకి తగిలింది, ఎదుటి గోడకి తగిలింది, మళ్ళీ వచ్చి మైకులో దూరింది. స్పీకర్లు కీమని అరిచాయి. ఆఫీసరు గారు చెవులు మూసుకున్నారు. బుజ్జిది ఉలిక్కిపడి ఏడ్చింది. దాని ఏడుపు నాలుగు గోడల నుంచీ నలుగురు పిల్లల ఏడుపై తిరిగొచ్చింది.

"ఇది గదా, నుయ్యా?" అన్నారు మేడం, కమాను ఒళ్ళో పెట్టుకుంటూ.

ప్రపంచస్థాయి వెంటనే అందుకున్నాడు. "డిజైన్లో లోపం లేదు సార్. కుట్టులో ఉంది. బిగుతుగా లాగలేదు, సందులు వదిలేసింది. చదువులేనివాళ్ళకి ఇలాంటి పని ఇస్తే ఇంతే సార్."

"నేను మొదట్నుంచీ అదే అంటున్నాను" అన్నారు ప్రిన్సిపాల్ గారు. నా వైపు తిరిగి, "సాయంత్రానికి నీ సామాను తీసేయ్" అన్నారు.

ఫ్యాక్టరీ గేటూ, టీవీ ముందు అత్తయ్యా, ఇంట్లో ఓ మూల ఎవరూ వేలు పెట్టి చూడని బుజ్జిదాని ముక్కూ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. సంచిలోంచి కొలతల పుస్తకం తీసి ఆ పేజీ తెరిచి మేడం చేతిలో పెట్టాను.

మేడం కళ్ళజోడు పెట్టుకున్నారు. ముందున్న మైకు ఎవరూ ఆపలేదు.

"బూడిదరంగులోంచి ఊపిరి పోతుంది" అని చదివారు. పోతుంది, పోతుంది అంది గది. "మెరూన్‌లోంచి పోదు." పోదు, పోదు. "పక్కన ప్రిన్సిపాల్ గారి సంతకం. కింద సలహాదారు గారిది, చిన్నది." చిన్నది, చిన్నది.

వెనక పిల్లలెవరో కిసుక్కున నవ్వారు. గది కూడా తిరిగి నవ్వింది.

ఆఫీసరు గారు పుస్తకం తీసుకుని అంతమంది ముందే ఒక ముక్కని ఊదారు, రెండోదాన్నీ ఊదారు. పలకల దగ్గరకెళ్ళి కుట్ల వెంబడి వేలు పోనిచ్చి చూశారు. "సందులెక్కడున్నాయి?" అని ప్రపంచస్థాయినడిగారు. ఆయన హెడ్‌ఫోన్లు సవరించుకున్నాడు.

"మార్చడానికి ఎన్నాళ్ళు?"

"రెండు రోజుల్లో చేయిస్తాను సార్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. చేయించడమంటే ఆయనకి కేకెయ్యడమే కదా.

"ఇరవై రోజులు" అన్నాను నేను. "విప్పాలి, మళ్ళీ తొడగాలి. మెట్ల కింద కూర్చుని చెయ్యలేను సార్. ఆ చిన్న గది ఇస్తే చేస్తాను. పిల్ల నాతోనే ఉంటుంది. పని అయ్యాక కూడా."

"సరే, చూద్దాంలే" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

పుస్తకంలో తరవాతి పేజీ తిప్పి కలం అందించాను. "చూద్దాం కాదు సార్. గది అని రాసి సంతకం పెట్టండి."

ఆఫీసరు గారు చూస్తుండగా రాశారు. ఈసారి సంతకం చీమంతే వచ్చింది.

ల్యాబు బయట ఇప్పుడు నల్లరాతి పలక ఉంది, దాని మీద ప్రిన్సిపాల్ గారి పేరూ ప్రపంచస్థాయి పేరూ బంగారు రంగులో ఉన్నాయి. చూడ్డానికి ఎవరొచ్చినా ప్రిన్సిపాల్ గారు బూడిదరంగు గుడ్డని తట్టి, "మేం ఊది చూసి ఎంచుకున్నామండీ" అంటారు. చెప్పుకోనీ. ఆయన ఊదడం నేనింకా చూడలేదు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం చివరి పలక తగిలించడానికి నిచ్చెనెక్కాను. గదిలో నేనూ, ఆ చివర తలుపు దగ్గర బుట్టలో నిద్రపోతున్న బుజ్జిదీ, అంతే. వేలు పెట్టి చూడాల్సిన వేళ దాటిపోయిందని గుర్తొచ్చింది. దిగబోతూ ఆగాను.

వినబడుతోంది. గది ఆ చివర నుంచి, పల్చటి గుడ్డలోంచి, ముక్కు కాస్త పట్టేసినట్టు చిన్న గురకతో, లోపలికీ బయటికీ, దాని ఊపిరి. నేను నిచ్చెన మీదే ఉండి రెండు స్క్రూలూ బిగించాను.