పక్కింట్లో మోగే గంట

పక్కింటి నా స్నేహితుణ్ణి అందరూ తిక్కమేస్త్రీ అనేవాళ్లు. పాత సైకిలు గంటలు వంటిళ్లలో పెట్టి, వాటి తాళ్లు మా రెండిళ్ల గుమ్మాలకీ బిగించాడు. తీరా చూస్తే తాళ్లు తారుమారు. మా తాడు లాగితే వాళ్ల వంటింట్లో, వాళ్లది లాగితే మా వంటింట్లో మోగేవి. సరిచెయ్యరా బాబూ అంటే, "మాకెవరన్నా వచ్చినప్పుడు ఓ కేక వేస్తే నీ సొమ్మేం పోయింది" అని నామీదే విసుక్కునేవాడు.

నేను ఒంటిగాణ్ణి. ఆఫీసు నుంచి రాగానే నా తాడు నేనే లాగేవాణ్ణి. "తాళంచెవి నీ జేబులోనే ఉందిరా" అని గోడ అవతల నుంచి అరిచేవాడు.

వాడు పోయాడు. పరామర్శకొచ్చిన వాళ్లు వాడి గుమ్మం తాడు లాగిన ప్రతిసారీ మా వంటింట్లోనే మోగింది. "చెల్లెమ్మా, ఎవరో వచ్చారు" అని వాడి భార్యకి కేకలు వేస్తూనే ఉన్నాను.

నిన్న ఆఫీసు నుంచి వచ్చి, అలవాటు కొద్దీ తాడు లాగి నాలుక కరుచుకున్నాను. గోడ అవతల నుంచి వాడి భార్య అంది.

"తాళంచెవి మీ జేబులోనే ఉంది అన్నయ్యా."