బండ చాటు

క్వారీలో మందు పెట్టి రాళ్లు పేల్చే మేస్త్రికి ఆసుపత్రి మంచం మీద కూడా మొండితనం తగ్గలేదు. కుడికాలు బండ కింద నలిగి పోనే పోయింది. ఎడమకాలికి సాయంత్రంలోగా ఆపరేషన్ చెయ్యకపోతే మనిషే దక్కడని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆయన ససేమిరా అని గోడవైపు ముఖం తిప్పేసుకున్నాడు.

భార్య బతిమాలీ బతిమాలీ, చివరికి పాస్టరైన తన అన్నను పిలిపించింది. ఆ మహానుభావుడు వస్తూనే బైబిలు తెరిచి, దేవుణ్ణి నా బండ అని పిలిచే కీర్తన అందుకున్నాడు. అంత లావు పుస్తకంలో ఇదే దొరికిందా నీకు అని ఆమె నెత్తి కొట్టుకుంది.

"బండా!" మేస్త్రి గిర్రున తల ఇటు తిప్పాడు. "నా కాలు నుజ్జు చేసింది అదే కదా బావా! అంటే నా మీద పడ్డది మీ దేవుడేనన్నమాట. మళ్లీ పోయి ఆయన చేతిలోనే పడమంటావా?"

"అది పోలిక బావా. దేవుడు బండంత గట్టివాడని."

"గట్టిదేలే. ఎముక కూడా మిగల్చలేదు."

పాస్టరు చెమట తుడుచుకుంటూ పేజీలు తిప్పసాగాడు. ఆమెకు మాత్రం పెళ్లయిన కొత్తలో క్యారేజీ పట్టుకుని క్వారీకి వెళ్లిన రోజు గుర్తొచ్చింది.

"ఏమయ్యా, వత్తి అంటించాక ఎటు పరిగెత్తేవాడివి?"

"ఇంకెటు? 'చాటుకీ' అని కేకేసి, పెద్దబండ వెనక్కి."

"ఆ రోజు నన్నూ అక్కడికే కదా ఈడ్చుకెళ్లావు. పైనంతా రాళ్ల వాన. వీపుకి బండ అదురుతూనే ఉంది. ఒక్క పెచ్చన్నా నన్ను తాకిందా? అంత రాయి పగలగొట్టారు, దాన్నెందుకు వదిలేశారు?"

"పిచ్చిదానా, అది పగిలితే మాకు చాటేది?"

అనేసి మేస్త్రి ఆగిపోయాడు. జీవితమంతా తను దాక్కున్న చోటు కళ్లముందు నిలిచినట్టుంది, మెల్లగా చెయ్యి వెనక్కి పోనిచ్చి వీపు తడుముకున్నాడు.

"బావా," అన్నాడు. "అది రాసినాయన... మీద పడే బండ గురించి కాదు కదూ? ఆయన కూడా ఎప్పుడో దాక్కునే ఉంటాడు."

పాస్టరు పుస్తకం మూసేశాడు. ఇన్నేళ్లుగా తను చదువుతున్న మాటే, ఇవాళ మొదటిసారి విన్నట్టుంది అతనికి.

"డాక్టరమ్మని రమ్మను," అన్నాడు మేస్త్రి భార్యతో.

సాయంత్రం ఆపరేషన్ గది తలుపు దగ్గర స్ట్రెచర్ మీంచి ఒక్కసారిగా కేక పెట్టాడు.

"చాటుకీ!"

నర్సులు ఉలిక్కిపడ్డారు. ఆమె మాత్రం గబగబా వెళ్లి, అన్న పక్కన గోడకు వీపు గట్టిగా ఆనించి కూర్చుంది.