నల్ల పన్నెండు, ఎర్ర పన్నెండు

జెనోవా పాతబస్తీలో ఇళ్ళకు నల్ల అంకెలు, దుకాణాలకు ఎర్ర అంకెలు. ఒకే సందులో నల్ల పన్నెండు ఒక కొసన, ఎర్ర పన్నెండు మరో కొసన ఉన్నా ఊరివాళ్ళెవరూ తికమకపడరు.

ఇరీదె గిల్యోనె ఉండేది నల్ల పన్నెండులో. ఆమె గుమ్మం పైన నగరం పెట్టించిన పాలరాతి ఫలకం ఉండేది: ‘ఎర్రచొక్కాల దళంతో సముద్రం దాటిన సైనికుడు స్తెఫానో బొత్సానో ఈ ఇంట జన్మించెను.’ ఇటలీని ఒక్కటి చేసే పోరుకు ఆ దళం ఓడలెక్కిన మే ఐదున ఏటా స్మారక సంఘంవారు వచ్చి ఫలకానికి లారెల్ ఆకుల దండ వేసేవారు. నిచ్చెన ఇరీదె ఇంటిదే. దాన్ని పట్టుకునే పని ఒకప్పుడు ఆమె భర్తది. ఆయన పోయాక ఆమెది. ఆ తరువాత అందరికీ ఆమె వంటింట్లో కాఫీ. భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఆమెకు దేవుడి మీద గాని, వీరుల అమరత్వం మీద గాని నమ్మకం లేదు. అయితే ఏడాది మొత్తంలో తలుపు గంట మోగేది ఆ ఒక్క ఉదయమే అన్నది నమ్మకంతో పనిలేని విషయం.

ఆ యేడు సంఘాధ్యక్షుడు జీనో బ్రుత్సోనెతో పాటు నగరపాలిక అధికారిణి ఒకామె వచ్చింది.

“గోడ పెచ్చులూడుతోంది మేడమ్. రాయి దింపి, కడిగి, మళ్ళీ బిగిస్తాం. ఆయన పుట్టిన ఇల్లు ఇదేగా?”

నిచ్చెన మీద నుంచి జీనో నవ్వాడు. “ఇది కాకపోతే ఇన్నేళ్ళూ ఎవరి గుమ్మానికి దండలేశానమ్మా నేను? టీచరుగారూ, ఆలోచించి చెప్పండి. నా కాఫీకి ఎసరు పెట్టకండి.”

ఇరీదెకు నిజం తెలుసు. ఫలకం పెట్టే రోజుల్లో కమిటీ పెద్దలు సైనికుడి మేనకోడలిని అడిగితే, ఆమె ‘పన్నెండు’ అంది. శనగపిండి రొట్టెలు కాల్చే దుకాణం అటక మీద పుట్టి పెరిగిన కుటుంబం వాళ్ళది. వాళ్ళకు అంకె అంటే ఎర్ర అంకే. బజారుకు నౌకర్లను పంపే ఆ పెద్దమనుషులకు అంకె అంటే నల్లదే. ఈ సంగతి భర్త నాయనమ్మ చెప్పినప్పుడు ఇరీదె వెంటనే నమ్మలేదు. తరువాత మెట్ల కింద రాతి మీద చెక్కిన నిర్మాణ సంవత్సరం చూసింది. సైనికుడు చనిపోయాక కట్టిన భవనమది.

“కాదు,” అంది. ఉన్నదంతా చెప్పింది.

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” అంది అధికారిణి.

“ఎవరూ అడగలేదు.”

అది నిజమే. పూర్తి నిజం కాదని ఆమెకు తెలుసు.

“పోయింది, కాఫీ పోయింది,” అంటూ జీనో దిగాడు.

మరుసటి మే ఐదు నాటికి ఫలకం సందు పై కొసన, మూతపడిన రొట్టెల దుకాణం పక్కకు చేరింది. ఇరీదె గోడ మీద తెల్లటి చదరం, నాలుగు చిల్లులు మిగిలాయి. గంట మోగలేదు. నిచ్చెన లేకుండా దండ ఎలా వేస్తారు? వాళ్ళకు తోచి ఉండదు. ఆమె నిచ్చెన భుజానికెత్తుకుని సందు ఎక్కింది.

ఫలకాన్ని మనిషి ఛాతీ ఎత్తులో బిగించారు. దండ అప్పటికే వేసేశారు.

“నిచ్చెన దేనికండీ టీచరుగారూ?” అన్నాడు జీనో.

“బల్బు మార్చాలి.”

“ఎక్కడ?”

“ఇంట్లో.”

“ఇల్లు అటు కదా.” అతడు నవ్వలేదు. “నాకో ఫోను కొట్టకూడదూ? వచ్చి మార్చేవాణ్ణి.”

“ఎక్కడం నాకు వచ్చు.”

తూకం వేయకుండానే వచ్చేసిందా మాట. జీనో తలూపి, టోపీ సర్దుకుని, మిగిలినవాళ్ళతో కలిసి ఎదుటి కాఫీ అంగడిలోకి వెళ్ళాడు. ఆమెను ఎవరూ పిలవలేదు. నిచ్చెనతో ఆ ఇరుకు తలుపులో పట్టదని అనుకుని ఉంటారు.

ఇంట్లో పెద్ద కాఫీ పాత్ర పొయ్యి మీద సిద్ధంగా ఉంది. ఇరీదె పొయ్యి వెలిగించలేదు. నడవాలో నిచ్చెన వేసింది. బల్బు నిక్షేపంలా వెలుగుతోంది. మీట నొక్కి దాన్ని ఆర్పి, నిచ్చెనెక్కి, చల్లారేదాకా పై మెట్టు మీదే ఆగి, మెల్లగా తిప్పి ఊడదీసింది. చెవి దగ్గర ఆడించి చూసింది. ఏ లోపమూ లేదు. దిగి, దాన్ని చేతిరుమాల్లో చుట్టి సొరుగులో పెట్టింది.

నడవా చీకటిగా ఉంది. ఇప్పుడు తాను చెప్పబోయేది అబద్ధం కాదు.

తడుముకుంటూ ఫోను దగ్గరికి నడిచింది.