దుప్పటికి ఇవతల

మా ఆయన తెల్లవారుజామున పోయాడు. ఎనిమిదయ్యేసరికి బావగారు స్నానాల గదికి అడ్డంగా దుప్పటి కట్టించి, నన్ను ఇవతల నిలబెట్టారు.

"ప్రాణం పోగానే నికాహ్ తెగిపోయిందమ్మా. ఇక నువ్వు పరాయిదానివి. ఆఖరి స్నానం, గుసుల్, మగవాళ్ళం మేం చేయిస్తాం," అన్నారు.

పరాయిదాన్నట! ఆ మాట నాకేం కొత్త కాదు. వాళ్ళ భాష నాది కాదు, వాళ్ళ మతంలో నేను పుట్టలేదు. కలిమా చదివి వాళ్ళ మతం పుచ్చుకుని పంతొమ్మిదేళ్ళయినా, నేను ఖురాన్ చదువుతుంటే తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. "అల్లాకి అన్ని యాసలూ అర్థమవుతాయి, నువ్వు కానీ," అనేవాడు మా ఆయన. టైల్స్ మేస్త్రీ ఆయన. పక్షవాతంతో మంచాన పడ్డాక రెండేళ్ళు రోజూ స్నానం చేయించింది నేనే. ఈ అన్నదమ్ములు ఒక్కరోజైనా చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు.

నాకు ఒళ్ళు మండింది.

"బావగారూ, ఇందాక నన్ను నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఇద్దత్‌లో ఉండమన్నది ఎవరు?"

"నేనే. భర్త పోయిన ఆడదానికి అది తప్పదు."

"నికాహ్ తెగిపోతే ఎవరి కోసం ఉండాలి? ఇంట్లో కూర్చోబెట్టడానికి పెళ్ళాన్ని, నీళ్ళు పోయడానికి పరాయిదాన్నా? ఇదెక్కడి న్యాయం?"

బావగారు మరిది వైపు చూశారు. "వదినా, నలుగురూ ఏమనుకుంటారు?" అని గొణిగాడు మరిది.

"ఏమైనా అనుకోనీ. ఇమామ్ గారిని అడగండి. ఆయన కాదంటే ఇక్కడే కూర్చుంటాను."



ఇమామ్ గారు గుమ్మంలోనే ఉన్నారు. "భర్తకు భార్య గుసుల్ చేయించవచ్చు. ఇందులో పండితులకు పేచీ లేదు. మీరే తెలుసుకోకుండా అడ్డుపడ్డారు," అన్నారు బావగారితో.

దుప్పటి తొలగించుకుని లోపలికి వెళ్ళాను. మా ఆయనకు బొడ్డు నుంచి మోకాళ్ళ దాకా గుడ్డ కప్పి, బిస్మిల్లా అన్నాను. గట్టిగానే అన్నాను, బయట తోడికోడలికి వినబడేలా.

బావగారు బకెట్ తెచ్చి పెట్టారు. మోచెయ్యి ముంచి చూశాను. చన్నీళ్ళు. చన్నీళ్ళంటే మా ఆయన వణికిపోయేవాడు. ఇప్పుడు ఆయనకు తెలియదని నాకూ తెలుసు. ఏడుపు ముంచుకొచ్చింది.

"ఇవి చల్లగా ఉన్నాయి బావగారూ. కాచి తీసుకురండి."

"ఇప్పుడెందుకమ్మా..." అంటూనే ఆగిపోయి, బకెట్ ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళారు.