కత్తెర నడిచిన దారి

నాలుగో చొక్కా చంకలో ముక్కు పెట్టగానే అతను తల వెనక్కి లాక్కున్నాడు.

వెల్లుల్లి. దానిమీద చవక సెంటు. ఆ రెండింటి కిందా, కాలరు మడతలో, ఎవడిదో మెడ జిడ్డు. కొన్నవాడు మాత్రం ఒక్కసారి కూడా వేసుకోలేదనీ, సైజు సరిపోలేదనీ చెప్పి తిప్పి పంపాడు.

"పెళ్ళికెళ్ళొచ్చింది ఇది," అంటూ చొక్కాని పక్కనున్న బుట్టలోకి విసిరాడు.

టైలరమ్మ మిషను ఆపకుండానే నవ్వింది. "భోజనంలో ఏం పెట్టారో కూడా చెప్పన్నా."

"చెప్తే మధ్యాహ్నం నువ్వు ముద్ద మింగలేవు."

వాపసు వచ్చిన బట్టల్ని వాసన చూడటం అతని పొద్దుటి పని. కంపెనీ పెట్టింది అతనే. అయినా ఊళ్ళోవాళ్ళ చంకలు వాసన చూడమని ఇంకొకరికి చెప్పడానికి నోరు రాలేదు. ఆటలో ఎన్నిసార్లు విరిగిందో లెక్కలేని ముక్కు అది. ఎముక వంకరపోయింది గానీ వాసన మాత్రం పోలేదు. పోయుంటే బాగుండునని రోజూ అనుకుంటాడు.

భారీ మనిషి. తల ఎక్కడ అయిపోయి భుజాలు ఎక్కడ మొదలయ్యాయో చెప్పలేం. చెవులు నలిగి నలిగి ముడుచుకుపోయాయి. రగ్బీలో స్క్రమ్ముకి ముందు వరస ఆటగాడు. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది, తలలు దూర్చి భుజాలు ఆనించి దున్నల్లా తోసుకునే చోట పదేళ్ళు తోశాడు. అక్కడ వచ్చిన పేరే 'దున్న'. పేపరుకెక్కేంత ఆటగాడు కాదు. పేపరుకెక్కేవాళ్ళు పరిగెత్తడానికి దారి చేసే ఆటగాడు.

ఆట మానేశాక ఏ దుకాణంలోనూ మెడ గుండీ పడే చొక్కా దొరకలేదు. విసుగెత్తి తనే కుట్టించుకున్నాడు. తోటివాళ్ళు చూసి మాకూ కావాలన్నారు. కారు డిక్కీలో వేసుకుని అమ్మాడు. అలా పుట్టింది బ్రాండు. ఇప్పుడు వాటిని వేసుకునేవాళ్ళలో చాలామంది జన్మలో ఎవర్నీ తోసి ఎరగరు.

ముందు సెంటు వాసన వచ్చింది. ఆ వెనక బావమరిది వచ్చాడు. భార్యకి తమ్ముడు. అమ్మకాలూ ప్రకటనలూ చూసుకోవడానికి వచ్చి, ఈమధ్యే కంపెనీలో పెద్ద వాటాదారు కూడా అయ్యాడు.

"బావా, ఒక్కసారి కళ్ళు మూసుకో."

"ముక్కు మూసుకున్నాగా, చాల్లే."

బావమరిది బల్లమీద ఒక జెర్సీ పరిచాడు. కొత్తది. ముందువైపు కింది అంచు నుంచి కాలరు దాకా నిలువునా కోసి, ఎర్రదారంతో కావాలని మొరటుగా కుట్టారు. కాలరు దగ్గర నుంచి రెండు చేతుల మీదుగా మణికట్టు దాకా అలాంటివే ఇంకో రెండు కోతలు.

"మన కత్తెర డిజైను! పెద్ద షాపులవాళ్ళు చూసి ఎగబడ్డారు. సోమవారం నుంచి కటింగు."

అతను చొక్కాని ముట్టుకోలేదు. ఏ టైలరూ ఆ దారిన కత్తెర నడపడు. ఆ దారిన నడిపేది మైదానంలో పరిగెత్తుకొచ్చే డాక్టరు. పడినవాడి మెడ కదలకూడదు కాబట్టి చొక్కాని తలమీంచి లాగరు, ఒంటిమీదే కోసేస్తారు. ఆ కోతని అతను మోకాళ్ళమీద కూర్చుని కళ్ళారా చూశాడు. పడ్డవాణ్ణి జట్టులో బండ అనేవాళ్ళు. రోజూ తన పక్కన భుజానికి భుజం ఆనించి తోసేవాడు. కూలిపోయిన స్క్రమ్ము కింద నుంచి అందరూ లేచారు, వాడు లేవలేదు. అప్పట్నించీ మెడ కింద వాడికి ఒళ్ళు లేనట్టే.

"ఇది బండగాడి చొక్కా."

"అదే కదా దాని గొప్ప! జనం బట్టలు కొనట్లేదు బావా, కథలు కొంటున్నారు."

"అసలుది నీ చేతికెలా వచ్చింది?"

"వాళ్ళక్కని అడిగా. నువ్వు తెమ్మన్నావంటే మారుమాట్లాడకుండా బీరువాలోంచి తీసిచ్చింది. అబ్బ, ఏం కంపు బావా! ముందు ఉతికించా. తీరా ఉతికితే మట్టంతా పోయి ప్రకటన ఫొటోలో చప్పగా వచ్చింది. కాఫీపొడి చల్లించా." బావమరిది కళ్ళు మెరిశాయి. "తేడా కనిపెడితే ఒట్టు!"

అతను కొత్త జెర్సీని ఉండచుట్టి సంచిలో కుక్కుకుని బయటికి నడిచాడు.

బండకి రోజూ మధ్యాహ్నం గడ్డం గీసేది అతనే. గది చిన్నది. మందులు, పౌడరు, మూత్రపు సంచీ, వాటన్నిటినీ కప్పాలని చూసి ఓడిపోయే అగరొత్తి. బండ వీపువైపు తాళ్ళు కట్టే ఆస్పత్రి గౌనులో ఉన్నాడు. రంగు ఎప్పుడో పోయింది. గుండెలమీద ఎండిన కఫం చార.

సబ్బు నురగ పూస్తూనే మొత్తం చెప్పేశాడు. అక్కని మోసం చేసిన సంగతి, ఉతికిన సంగతి, కాఫీపొడి సంగతి. మొహం చూడకుండా చెప్పాడు. బండ అక్క గుమ్మంలో నిలబడి వింది.

"నువ్వు అడిగావనే ఇచ్చాను తమ్ముడూ," అంది.

"కాఫీపొడా?" బండ నవ్వబోయి దగ్గాడు. "ఫిల్టరుదా, ఇన్‌స్టంటా?"

"నవ్వకు, తెగుద్ది."

"ఏదీ, చూపించు."

అతను సంచిలోంచి జెర్సీ తీసి వాడి కళ్ళముందు పట్టుకున్నాడు. బండ కళ్ళు కింది అంచు నుంచి కాలరు దాకా ఎక్కి, ఒక్కో చేతి వెంటా నెమ్మదిగా దిగాయి.

"కుట్టేశారేంట్రా?"

"అంటే?"

"ఆ రోజు నన్నెవడూ లేపలేదు. పడుకున్నోణ్ణి పడుకున్నట్టే విప్పేశారు. అలా విప్పగలిగితే అలాగే తొడగొచ్చు కదరా దున్నా." ఊపిరి కోసం ఆగాడు. "ఇన్నేళ్ళూ నాకు ఈ గౌనేంటి? రోగుల గౌను. నువ్వు చొక్కాల కంపెనీవాడివి."

అతను జెర్సీని కిందికి దించాడు. "ఎప్పుడూ అడగలేదేం?"

"అడిగితే జాలిమొహం వేసుకుని టేపు పట్టుకొస్తావ్. తల్చుకుంటేనే డోకొస్తుంది."

రోజూ ఇదే మంచం పక్కన కూర్చున్నాడు. ఊళ్ళో మెడలావు మగాళ్ళందరికీ చొక్కాలు కుట్టాడు. ఈ ఒక్క మెడకి నురగ తప్ప ఏమీ పూయలేదు. చేతిలో బ్లేడు ఉంది. గడ్డం సగంలో వదిలేసి, దాంతోనే ఎర్రదారం కోయడం మొదలుపెట్టాడు. కుట్టు పుటుక్కు పుటుక్కుమని విడిపోయింది. చొక్కా చాపలా పరుచుకుంది.

గౌను తాళ్ళు విప్పి తీసేసి, దుప్పటి మార్చేటప్పుడు చేసినట్టే అక్కా అతనూ బండని ఒక పక్కకి దొర్లించి, వీపు కిందికి చొక్కా తోసి, మళ్ళీ వెల్లకిలా తిప్పారు. చేతులు లేపక్కర్లేదు. తల ఎత్తక్కర్లేదు. రెండు రెక్కలూ దగ్గరికి తెచ్చి పిన్నీసులు పెట్టారు. అక్క అద్దం తెచ్చింది.

బండ చాలాసేపు చూసుకున్నాడు. ఒక బుగ్గన నురగ ఇంకా ఉంది.

"వదులైందిరా."

"పడుకుంటే అలాగే ఉంటుంది."

"అబద్ధాలకేం తక్కువలేదు. మిగతా గడ్డం గియ్."

సాయంత్రం అతను నేరుగా బావమరిది గదిలోకి వెళ్ళాడు. గది మధ్యలో బట్టలు తొడిగి చూసే బొమ్మ ఉంది. తలా చేతులూ లేని మొండెం. కంపెనీ పెట్టిన కొత్తలో అతని ఒంటి కొలతలతోనే చేయించింది. ప్రతి చొక్కా ముందు దాని ఒంటిమీదికే ఎక్కింది.

"ఎర్రదారం వద్దు," అన్నాడు. "ఆ కోతల వెంట టిచ్ బటన్లు పెడదాం. టకటకా విప్పి టకటకా వేసేలా. లేవలేనివాళ్ళకి పనికొస్తుంది."

"మంచాన పడ్డవాళ్ళకా?" బావమరిది హాయిగా నవ్వాడు. "వాళ్ళకి ఫ్యాషనెందుకు బావా? ఎవరు చూడొచ్చారని?"

కొట్టాలనిపించలేదు. అసహ్యం వేసింది, అదీ వాడిమీద కాదు. వాడు ఇప్పుడు పైకి అన్నమాటనే ఇన్నేళ్ళూ నోరు విప్పకుండా తను ఆ మంచం పక్కన కూర్చుని అంటూ వచ్చాడు.

"అయితే అసలు అమ్మొద్దు. ఆపెయ్."

"ఆర్డర్లు ఒప్పేసుకున్నా. ఆపడం ఇప్పుడు నీ చేతిలో లేదు బావా. తప్పుగా అనుకోకు, అమ్మకాలు చూడ్డం నా పని."

"వాసన చూడ్డం నా పని. కంపు కొడుతోంది."

బావమరిది మొహం గంటుపెట్టుకుని ఫోను చూసుకోసాగాడు. అతను సొరుగు లాగాడు. బండ పాత చొక్కా ప్లాస్టిక్ కవరులో మడతపెట్టి ఉంది. తీసి, కిటికీ బయట గట్టిగా దులిపాడు. కాఫీపొడి గాల్లో లేచి అతని మొహాన్నే పడింది.

టైలరమ్మ దగ్గర ఆగి, బండకి ఒక చొక్కా కుట్టాలని పెట్టెడు టిచ్ బటన్లు అడిగాడు. ఆమె పెట్టె తీసిచ్చింది.

"ఒక్క చొక్కాకి ఇన్నెందుకన్నా?"

"ముందు ఒకటి కుదరాలిగా. చెడగొట్టి చెడగొట్టి నేర్చుకోవాలి."

"నీ చేతులకి సూది ఎక్కడ ఆగుతుంది? ఆదివారం నేనొస్తాలే, మిషను పట్టుకుని."

"వాళ్ళక్క టీ బాగా పెడుతుంది." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "వెళ్తున్నానమ్మా."

రోజూ వస్తానమ్మా అనే మనిషి. టైలరమ్మ మిషను మీంచి కాలు తీసేసి, అతను మెట్లు దిగే చప్పుడు ఆగిపోయేదాకా అలాగే కూర్చుంది.

అందరూ వెళ్ళాక దీపాలు ఆర్పడానికి ఆమె బావమరిది గదిలోకి వెళ్ళింది. బొమ్మ గది మధ్యలోనే నిలబడి ఉంది. రాయిలాంటి ఛాతీ, కొండలాంటి భుజాలు. పైన, తల ఉండాల్సిన చోట, బల్లపరుపుగా కోసిన ఆ లావుపాటి మెడమీద ఎవరో సగం తాగి పెట్టిన టీ కప్పు, చల్లారి తొరక కట్టి ఉంది.