తుడవని అంచు

నేను ఒక గిన్నెను. చర్చిలో ప్రభువు బల్ల మీద ద్రాక్షరసం పోసే ఇత్తడి గిన్నెను. పైన వెండి పూత. ఇత్తడి పనికి పేరున్న అజ్జరంలో నన్ను సాగగొట్టినవాడు దేవుణ్ణి తలుచుకోలేదు, సాయంత్రానికి ఎన్ని పూర్తవుతాయో అదే చూసుకున్నాడు. అయినా పని గట్టిది. రేపల్లె వైపు ఒక చిన్న సంఘం నన్ను కొనుక్కుంది. ముప్పై ఒక్క ఏళ్లు నెలకోసారి కొలువు చేశాను.

అందరూ ఒకే గిన్నెలో తాగడం అక్కడి ఆచారం. ఒకరు తాగాక పాస్టరు అయ్యగారు అంచును గుడ్డతో తుడిచి, కాస్త తిప్పి, పక్కవారికి అందిస్తారు. అడుగున మిగిలింది తానే తాగి ముగించాలి. పెదవిని బట్టి మనిషి సరుకు తెలిసిపోయేది నాకు. పాటలో అందరికంటే గొంతెత్తేవాళ్లు పెదవి తడుపుకుని వదిలేసేవాళ్లు. కూలిపని చేసేవాళ్లు గుక్కెడు మింగేవాళ్లు.

తాపీమేస్త్రి దీవెనయ్యకు నోట్లో పుండు లేచింది. గుంటూరు డాక్టర్లు క్యాన్సర్ అన్నారు. అంటుకునేది కాదని కూడా అన్నారు. మొదటి మాట ఊరంతా తిరిగింది. రెండోది ఆస్పత్రి మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఆ నెల బల్ల దగ్గర జనానికి ఎక్కడలేని మర్యాద వచ్చింది. "మీరు కానివ్వండి", "అబ్బే, ముందు మీరు" అంటూ ఒకరి ముందు ఒకరు జరిగి దీవెనయ్యను చివరికి చేర్చారు. అతడు తాగాక మిగిలిన రసాన్ని అయ్యగారు తాగలేదు. చర్చి వెనక మందారం మొదట్లో పోశారు. కిటికీలోంచి దీవెనయ్య చూశాడు. మళ్లీ రాలేదు.

"ఇంటికే తెచ్చి ఇస్తాంలే బ్రదరూ" అని సంఘపెద్ద ఆశీర్వాదంగారు కబురు పెట్టారు. రెండు నెలలైనా ఎవరూ వెళ్లలేదు. పోయేలోగా ఒక్కసారి మనుషులతో కలిసి తాగాలని దీవెనయ్య కోరిక. అంతకుమించి అతడు ఏమీ అడగలేదు.

మూడో నెల అతని స్నేహితుడు, గోనెసంచుల వ్యాపారి ఫిలేమోను, అయ్యగారిని స్కూటరెక్కించుకుని, నన్ను సంచిలో వేసుకుని వెళ్లాడు. అయ్యగారు గడప దగ్గరే నిలబడి వాక్యం చదివారు. దీవెనయ్య తాగాడు. నా అంచున నెత్తురు చార మిగిలింది.

"తుడవనియ్యరా ఫిలేమోనూ."

"నోర్ముయ్యి! కాలవలో బాప్తిస్మానికి నాకంటే ముందు నిన్ను ముంచారు. ఆ నీళ్లు తుడిచి నన్ను ముంచారేంట్రా?"

ఫిలేమోను నెత్తురున్న చోటే పెదవి ఆనించి మొత్తం తాగేశాడు. దీవెనయ్య నవ్వబోయి, నొప్పికి దవడ పట్టుకున్నాడు.

మరుసటి నెల బల్ల దగ్గర వరుసలో ఫిలేమోను తర్వాత ఎవరూ నిలబడలేదు. పెద్దలు చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు తెప్పించారు. ఆరోగ్యం కోసమన్నారు. నన్ను పాతసామాన్ల కొట్టుకు ఇచ్చేశారు.

ఒక సోమవారం దీవెనయ్య ఇంకోసారి కలిసి తాగుదామని అడిగాడట. "సంత చూసుకుని వస్తాలేరా" అన్నాడట ఫిలేమోను. గురువారం చర్చికి వెళితే నేను లేను. కొట్టంతా గాలించి, విరిగిన కుళాయిల కింద నుంచి నన్ను లాగి పరుగెత్తాడు. అప్పటికే దీవెనయ్య దవడకు తెల్లగుడ్డ కట్టేశారు.

సమాధి దగ్గర ఆశీర్వాదంగారు సాక్ష్యం చెప్పారు. "మనదీ దీవెనయ్యదీ ఒకే రొట్టె, ఒకే గిన్నె. ఆయన శ్రమల్లో సంఘం తోడుంది." అందరూ ఆమేన్ అన్నారు. ఫిలేమోను ఆయన్ను పక్కకు పిలిచి, సంచి తెరిచి నన్ను చూపించాడు. ఆయన చూపు తిప్పుకున్నారు.

"నువ్వొక్కడివైనా నిలబడ్డావయ్యా" అన్నారు.

"లేదండి. మీరసలు రాలేదు. నేను సంత చూసుకుని వచ్చాను. వాడి నోటికి రెండూ ఒకటేనండి."