మల్లికిచ్చిన నెల్లాళ్లు

టిఫిన్ డబ్బా మూత నొక్కుతుంటే వెనక నుంచి అత్తగారు నాగమణి అంది: "ఆ పొగాకు గదుల్లో తిరిగితే కడుపెక్కడ నిలుస్తుందమ్మా? ఈసారైనా ఉద్యోగం మానేసి చూడు."

ఆశాజ్యోతి డబ్బా సంచిలో పెట్టుకుంది. అయిదో నెలలో బిడ్డ పోయి ఇంకా పక్షం కాలేదు. నష్టం ఇంట్లో అందరిదీ. నింద మాత్రం ఆమె ఒక్కదాని వాటాకే వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే పొయ్యి దగ్గర నిలబడింది. పోర్టులో షిఫ్టుకి వెళ్తూ భర్త మోహనకృష్ణ, "ఖాళీగా ఉంటే అదే తలుచుకుంటావు జ్యోతీ, పనిలో పడు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ ఖరీదు రెండు పూటల వంట, అంట్లు, బట్టలు. కంపెనీ ఇచ్చిన సెలవు ఇంట్లో చెల్లలేదు. ఉద్యోగంలోనైతే కాసేపు కూర్చోవడానికి కుర్చీ అయినా దొరుకుతుందని, సెలవు మధ్యలోనే అచ్యుతాపురంలో తను పనిచేసే టీకాల కంపెనీకి బస్సెక్కేసింది.

అక్కడ వాళ్లు పెంచేది చుట్టలకు పనికొచ్చే పొగాకు కాదు, దాని దాయాది మొక్క. గుర్రాలకు ఒక వైరస్ జబ్బు వస్తుంది. చూడి గుర్రానికి సోకితే పిల్ల కడుపులోనే పోతుంది. నీరసపరిచిన వైరస్‌తో చేసిన టీకాను చూడి గుర్రానికి వెయ్యాలంటే డాక్టర్లు జంకుతారు. ఈ మొక్క ఆకుల్లో తయారయ్యేది ఆ వైరస్ పైపొర ఒక్కటే, లోపల ఏమీ ఉండదు. ఒంటికి శత్రువు మొహం తెలుస్తుంది, జబ్బు మాత్రం రాదు. అంటే ఇన్నేళ్లుగా ఆమె చేస్తున్నది కడుపులు నిలబెట్టే పని. ఆ మాట ఆ ఇంట్లో ఏ నోటితో చెప్పగలదు?

ఆ రోజు గుర్రాల రక్తం నమూనాల కోసం భీమిలి వెళ్లింది. బీచ్‌లో పిల్లల్ని సవారీ తిప్పే వరహాలు పాకలో మల్లి అనే ఆడగుర్రం తల వంచుకుని నిలబడి ఉంది. సూది గుచ్చినా కదల్లేదు.

"ఈసుకుపోనాదమ్మా" అన్నాడు వరహాలు, దాని మెడ నిమురుతూ. "పిల్ల దక్కనేదు."

"మరి సవారీలు?"

"ఇప్పుడేటి సవారీలమ్మా? నెల్లాళ్లు దీన్ని బీచికి తీసుకెల్లను. ఒల్లు కోలుకోవాల కదా. మా కాశమ్మ ఉలవలు ఉడకబెట్టి పెడతంది. మా బావొచ్చి, గుర్రానికి బాలింత పథ్యమేట్రా అని నవ్వినాడు. నీకూ పెడతాను, ముందు నువ్వు కను బావా అన్నాను."

"దీని మీద కోపం రాలేదా?" ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

వరహాలు వింతగా చూశాడు. "ఇదేటి సేసినాదమ్మా, పాపం? పోగొట్టుకున్నది అదే కదా."

ఆశాజ్యోతి మల్లి మెడకి నుదురు ఆనించింది. ఆస్పత్రిలో రాని ఏడుపు, వంటింట్లో తీరిక దొరకని ఏడుపు అక్కడ వచ్చింది. వరహాలు బకెట్ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం గుమ్మంలోనే అత్తగారు ఎదురైంది. "పప్పు నానబెట్టకుండా పోయావేంటమ్మాయ్? రేపు మా అన్నయ్యవాళ్లు వస్తున్నారు."

ఆశాజ్యోతి కాళ్లు కడుక్కుని, వంటింటి వైపు తిరగకుండా గదిలోకెళ్లి పడుకుంది. కాసేపటికి మోహనకృష్ణ వచ్చాడు.

"వంట మొదలెట్టలేదేం?"

"నెల్లాళ్లు చెయ్యనండీ. ఒళ్లు కోలుకోవాలి."

"ఏ డాక్టరు చెప్పాడు?"

"డాక్టరు కాదు. బీచ్‌లో గుర్రాలు తిప్పే ఆయన" అంది ఆశాజ్యోతి, గోడవైపు తిరుగుతూ. "అది కూడా నా గురించి కాదు. వాళ్ల గుర్రం గురించి."